ఇసుక దిబ్బల మీద దాయాది మొక్కలు: ఒకే పోలిక ఉన్న వాటి మధ్య తేడాలు కనిపెట్టే పద్ధతి

మైపాడులోనో కొత్తపట్నంలోనో అలల అంచు నుంచి ఊరివైపు నడక మొదలుపెడితే, సరుగుడు తోట చేరేలోపే కాళ్ళ కింద నేల నాలుగైదు సార్లు మారుతుంది. తడి ఇసుక, పోటు విసిరేసిన చెత్త గీత, తీగలు అల్లుకున్న ముందు దిబ్బ, దాని వెనక కాస్త పల్లం, ఆపైన గట్టిపడిన పాత దిబ్బ. నేలతోపాటు మొక్కలూ మారతాయి. వీటిలో నన్ను ఎప్పుడూ ఆపి నిలబెట్టేవి దాయాది మొక్కలు. పువ్వు నుంచి గింజ దాకా ఒకే పోలికతో ఉంటాయి, ఒకే ప్రజాతికో (దగ్గరి చుట్టాలైన మొక్కల గుంపు) దానికన్నా పెద్ద గుంపైన కుటుంబానికో చెందుతాయి, కానీ ఒకటి సముద్రానికి ఎదురొడ్డి నిలిస్తే రెండోది దిబ్బ దాటి ముందుకు రాదు.

ఎందుకలా అని అడిగితే దాదాపు అందరూ చెప్పే జవాబు ఉప్పు. ఆ జవాబులో నిజం కొంతే ఉంది. మన తీరంలో పొలాల మధ్య తవ్వే దొరువులనే చూడండి. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా, ఇసుకలో నాలుగడుగులు తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరతాయి. వాన నీరు ఇసుకలోకి దిగి, బరువైన ఉప్పునీటి పైన పొరలా తేలుతూ నిలబడుతుంది. సముద్ర మట్టానికి ఒక మీటరు పైన మంచినీటి మట్టం ఉంటే, కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉండవచ్చని లెక్క. అదే వాన దిబ్బ ఇసుకలోని ఉప్పును కూడా కడిగేస్తుంది. అందువల్ల ముందు దిబ్బలో వేర్లున్న చోట ఇసుక మనం అనుకునేంత ఉప్పగా ఉండదు. మొక్కకు అక్కడ అసలు పరీక్షలు మూడు: గాలిలో ఎగిరొచ్చే ఉప్పు తుంపర, కదిలి మీద పడే ఇసుక, వేరుకు అందే తేమ. అమెరికాలోని నార్త్ కరొలైనా దిబ్బల మీద పనిచేసిన వృక్షశాస్త్రవేత్తలు ఊస్టింగ్, బిల్లింగ్స్ 1942లోనే ఈ సంగతి చూపించారు. అక్కడ మొక్కల వరసలను నిర్ణయించింది ప్రధానంగా తుంపరేనని, నేలలోని ఉప్పు కాదని వాళ్ళు తేల్చారు.

ఈ మూడింటినీ కొలవడానికి ప్రయోగశాల అక్కరలేదు. డిగ్రీ విద్యార్థులు, బడి పిల్లలతో వెళ్ళే ఉపాధ్యాయులు, మొక్కలంటే ఇష్టమున్న ఎవరైనా చేయగల పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

చోటు, కాలం

నెల్లూరు జిల్లాలో మైపాడు, కోడూరు, తుమ్మలపెంట. ప్రకాశంలో పాకల, కొత్తపట్నం. వీటిలో ఏది మీకు దగ్గరైతే అక్కడికే వెళ్ళండి. పర్యాటకులు తిరిగే చోటు నుంచి, పడవలు లాగి పెట్టే చోటు నుంచి కనీసం అర కిలోమీటరు పక్కకు జరగండి. ముందు దిబ్బ తెగకుండా, సరుగుడు తోట మరీ అంచుదాకా రాకుండా ఉన్న చోటు దొరికితే అదృష్టమే.

ఈ తీరానికి నైరుతి కన్నా ఈశాన్య రుతుపవనమే ముఖ్యం. నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే పడుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో తీగలు నిండుగా ఉంటాయి, పూలు కాయలు దొరుకుతాయి, గుర్తుపట్టడం తేలిక. మే నెలలో అదే చోటికి మళ్ళీ వెళ్ళాలి. ఎండకు ఏది మిగిలిందో, ఏది గింజగా మారి ఇసుకలో దాక్కుందో అప్పుడే తెలుస్తుంది. ఒక్క కాలమే చూసి రాసిన ఫలితాన్ని నేను నమ్మను.

ఇంకో రెండు జాగ్రత్తలు. జనవరి నుంచి మార్చి దాకా ఈ ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పగలే పని చేసుకోండి, రాత్రి దీపాలతో తిరగవద్దు. 2019 నాటి తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ ఇసుక దిబ్బలను అత్యంత సున్నితమైన వర్గంలో పెట్టింది. మొక్కను పెకలించడం, ఇసుక నమూనాకు చేసే చిన్న గుంట తప్ప దిబ్బను తవ్వడం మన పనిలో ఎక్కడా ఉండవు.

వెంట తీసుకెళ్ళేవి

50 మీటర్ల టేపు, ప్లాస్టిక్ గొట్టాలతో చేసిన ఒక మీటరు చదరపు చట్రం, దానికి అడ్డంగా నిలువుగా ప్రతి 10 సెంటీమీటర్లకూ కట్టిన దారాలు. తాపీ మేస్త్రీలు మట్టం చూసే నీటి గొట్టం, రెండు కొలబద్దలు. మీటరు పొడవు ఇనుప ఊచలు పది. నీళ్ళలో ఉప్పు చూసే టీడీఎస్ మీటరు, బ్యాటరీలో పోసే శుద్ధజలం రెండు సీసాలు. వంటింటి డిజిటల్ తూకం, జిప్ సంచులు, భూతద్దం, పెన్సిలు, గట్టి అట్ట పుస్తకం. ఫోను ఫోటోలకూ స్థానం గుర్తుకూ సరిపోతుంది గాని, రాతకు దాని మీద ఆధారపడకండి. ఒడ్డున ఎండకు తెర కనిపించదు, తడి చేతికి పలకదు.

మొదటి అడుగు: నిజంగా చుట్టాలేనా?

పోల్చే ముందు బంధుత్వం రూఢి చేసుకోవాలి. ఊరి పేర్లు చాలాసార్లు పోలికను బట్టి పెట్టినవే తప్ప బంధుత్వాన్ని బట్టి కాదు. మంచి ఉదాహరణ పల్లేరు, ఏనుగు పల్లేరు. రెండూ ఇసుక నేలల్లోనే, రెండింటివీ పసుపు పూలే, రెండింటి కాయలకూ ముళ్ళే. కానీ పల్లేరు ఆకు చిన్న చిన్న ఆకుల జతలుగా ఉంటుంది, పువ్వుకు అయిదు విడి రేకులుంటాయి, కాయ ఎండితే ముళ్ళ ముక్కలుగా విడిపోతుంది. ఏనుగు పల్లేరు ఆకు ఒంటిది, కండగలది. పువ్వు గొట్టంలా ఉంటుంది. కాయ అడుగున నాలుగు మూలలా నాలుగు ముళ్ళు. దాని కొమ్మను గ్లాసు నీళ్ళలో తిప్పితే నీళ్ళు జిగురుగా సాగుతాయి. ఇవి రెండు వేర్వేరు కుటుంబాలు. వీటి మధ్య తేడాలు వెదికితే దిబ్బ గురించి ఏమీ తెలియదు, ఎందుకంటే తేడాలు మొదటి నుంచీ ఉన్నవే. దగ్గరి దాయాదుల్లో అయితే మిగతా అంతా ఒకటే కాబట్టి, ఉన్న కాస్త తేడాకూ చోటుకూ సంబంధం ఉందా అని అడగడానికి వీలుంటుంది.

గుర్తింపుకు ఆకును నమ్ముకోవద్దు. ఇసుక, ఉప్పు, ఎండ కలిసి ఏ ఆకునైనా మందంగా, చిన్నగా మార్చేస్తాయి. పువ్వు, కాయ, గింజ చూడండి. అవి దొరకని నెలలో 'గుర్తుపట్టలేదు' అని రాసి వదిలేయడమే నిజాయితీ.

రెండో అడుగు: గీత వేయడం

పోటు వదిలిన చెత్త గీత దగ్గర సున్నా పెట్టి, ఒడ్డుకు నిలువుగా ఊరివైపు టేపు పరచండి. ముందు దిబ్బ, వెనక పల్లం, పాత దిబ్బ మూడూ తగిలేంత వరకూ సాగాలి. మన తీరంలో చాలా చోట్ల 100 మీటర్లు సరిపోతుంది. ఇలాంటి గీతలు కనీసం మూడు, ఒకదానికొకటి 50 మీటర్లకు తగ్గని దూరంలో వేయాలి. ఒక్క గీతలో కనిపించేది ఆ చోటి విశేషం కావచ్చు.

ప్రతి 5 మీటర్లకూ నీటి గొట్టంతో ఎత్తు తీసుకోండి. ముందు దిబ్బ మీద మాత్రం 2 మీటర్లకొకసారి, ఎందుకంటే అక్కడ అడుగు తేడాలోనే సముద్రం వైపు వాలు, శిఖరం, వెనక వాలు మారిపోతాయి. అవే చోట్ల చట్రం పరచి మొక్కలు రాయాలి.

ఇక్కడ ఒక నియమం. తీగ మొక్కలను లెక్కపెట్టకూడదు. ఒక్క తీగ పది మీటర్లు దాటి పాకుతుంది, కణుపు కణుపుకూ వేరు దింపుతుంది. అది ఒక మొక్కా, ఇరవయ్యా? అందుకే దారాల మధ్య ఉన్న వంద గళ్ళలో ఎన్నింటిలో ఆకు పరుచుకుందో లెక్కపెట్టి, దాన్నే శాతంగా రాయండి. ఏమీ లేని చట్రానికి సున్నా రాయాలి. దాయాదుల్లో ఒకటి ఎక్కడ ఆగిపోయిందో చెప్పేవి ఆ సున్నాలే.

మూడో అడుగు: మూడు పరీక్షలను కొలవడం

ఇసుక కదలిక. ప్రతి పది మీటర్లకూ ఒక ఇనుప ఊచ సగం దాకా దింపి, ఇసుక పైన ఎంత మిగిలిందో మిల్లీమీటర్లలో రాసుకోండి. కొనకు రంగు గుడ్డ కట్టండి, లేకపోతే పశువులకూ మనుషులకూ గుచ్చుకుంటుంది. నెల తర్వాత వచ్చి చూస్తే ఎక్కడ ఇసుక పేరుకుందో, ఎక్కడ కోసుకుపోయిందో చేతికి అందుతుంది. నా దృష్టిలో మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ చెప్పే కొలత ఇదే.

ఉప్పు తుంపర. పది సెంటీమీటర్ల చదరపు నూలు గుడ్డలను శుద్ధజలంలో బాగా ఉడకబెట్టి ఆరబెట్టండి. వాటిని కర్రలకు నేల నుంచి ఒకే ఎత్తులో, సముద్రం వైపు ముఖం పెట్టి కట్టండి. ఒక కర్ర ముందు దిబ్బ వాలు మీద, ఒకటి శిఖరం మీద, ఒకటి పల్లంలో, ఒకటి పాత దిబ్బ మీద. వాన లేని రోజున పొద్దున కట్టి సాయంత్రం తీసి, ఒక్కొక్క గుడ్డనూ 100 మిల్లీలీటర్ల శుద్ధజలంలో పిండి మీటరు పెట్టండి. కట్టకుండా సంచిలోనే ఉంచిన గుడ్డను కూడా పిండి చూసి, ఆ అంకెను మిగతా వాటిలోంచి తీసేయాలి. శిఖరానికీ, దాని వెనక నాలుగడుగుల పల్లానికీ మధ్య తేడా చూస్తే దిబ్బ ఎంత మంచి అడ్డుగోడో అర్థమవుతుంది.

తేమ, నేల ఉప్పు. చట్రం పక్కన చేతిపారతో చిన్న గుంట చేసి, 10, 30 సెంటీమీటర్ల లోతుల్లో గుప్పెడు ఇసుక తీసుకుని, గుంట పూడ్చేయండి. 100 గ్రాములు తూచి ఇనుప మూకుట్లో బరువు మారనంత వరకూ వేయించి మళ్ళీ తూస్తే తేమ తెలుస్తుంది. ఎండిన ఇసుక 20 గ్రాములు 100 మిల్లీలీటర్ల శుద్ధజలంలో కలిపి, తేరుకున్నాక మీటరు పెడితే ఉప్పు తెలుస్తుంది. పోలిక కోసం సముద్రపు నీటిలో సగటున లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వరదల తర్వాత మన ఒడ్డున అది తగ్గుతుంది. చవక మీటర్లు సముద్రపు నీటిని నేరుగా చదవలేవు, పదింతలు పలుచన చేసి చూడాలి. దగ్గర్లో దొరువు ఉంటే అందులో నీటి మట్టం ఎంత లోతుందో రైతును అడిగి రాసుకోండి. ఏ నెలలో ఎంత దిగుతుందో వాళ్ళు నోటిమాటగా చెప్పేస్తారు.

నాలుగో అడుగు: తీగ దాయాదులను దగ్గరగా చూడడం

పని నేర్చుకోవడానికి ఐపోమియా ప్రజాతిని మించింది లేదు. చిలగడదుంప ఈ ప్రజాతిదే, తూటికూర ఈ ప్రజాతిదే. ఒకటి ఇసుక పొలంలో, రెండోది కాలువ నీళ్ళ మీద బోలు కాడలతో తేలుతూ. చెరువు గట్ల మీద పొదలా పెరిగి గులాబి పూలు పూసే ఐపోమియా కార్నియా దక్షిణ అమెరికా నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయింది. దిబ్బ మీదకు వచ్చేసరికి ఇద్దరున్నారు.

మొదటిది బాలబంద తీగ, చెవులపిల్లి తీగ అని కూడా అంటారు. శాస్త్రనామం ఐపోమియా పెస్-కాప్రే. కొస చీలి రెండు చెవుల్లా ఉన్న మందపాటి ఆకు, ఊదా గులాబి పువ్వు. రెండోది ఐపోమియా ఇంపెరాటి. తెల్లటి పువ్వు, గొంతులో పసుపు, చిన్న ఆకు. ఆ ఆకు ఒకే తీగ మీద ఒకచోట కోలగా, ఇంకోచోట మూడు నాలుగు తమ్మెలుగా కనిపిస్తుంది. మొదటిది మన ఒడ్డంతా కనిపిస్తుంది. రెండోదాని కోసం వెదకాలి, ముఖ్యంగా పొద్దున పువ్వు విచ్చుకుని ఉన్నప్పుడు. ఎండ ముదిరాక పూలు వాడిపోతే, చిన్న ఆకులు ఇసుకలో కలిసిపోయి కంటికి ఆనవు.

బాలబంద తీగ ఒకదాన్ని ఎంచుకుని, లాగకుండా, కొస నుంచి వెనక్కి మోకాళ్ళ మీద వెళ్ళండి. కొసన ఆకులు ఇంకా రెండు సగాలూ ముడుచుకుని ఉంటాయి. మూడు నాలుగు కణుపుల వెనక ఆకు విచ్చుకుంటుంది. ఆకు కాడ పైకొస దగ్గర, ఆకుకు ఆనుకుని రెండు చిన్న గ్రంథులు కనిపిస్తాయి. భూతద్దంతో చూడండి, చీమలు అక్కడే ఆగి తేనె తాగుతుంటాయి. పువ్వు లేకపోయినా చీమ ఎందుకొచ్చిందో అప్పుడు తెలుస్తుంది. ఇంకా వెనక్కి వెళితే కణుపు కింద తెల్లని వేరు మొన మొదలవుతుంది, ఆ వెనక కణుపు ఇసుకలో కూరుకుపోయి ఉంటుంది. ఇసుక పడిన చోట ఆకు కాడ పొడవుగా సాగి ఆకును పైకి ఎత్తి పట్టుకుంటుంది. ప్రతి కణుపు దగ్గరా మూడు సంగతులు రాయండి: వేరు దిగిందా, మీద ఎన్ని సెంటీమీటర్ల ఇసుక ఉంది, ఆకు కాడ పొడవెంత. ఊచ చెప్పిన ఇసుక కదలికతో ఈ అంకెలను పక్కపక్కన పెడితే, ఇసుక మీద పడడం ఈ మొక్కకు శిక్ష కాదనీ, వేరు దింపడానికి అదొక అవకాశమనీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. మధ్యాహ్నం మళ్ళీ అదే తీగ దగ్గరకు రండి. ఆకు నడిమి ఈనె వెంట మడుచుకుని ఎండకు అంచును చూపిస్తుంది. ఉదయం, మధ్యాహ్నం పక్క నుంచి తీసిన రెండు ఫోటోల్లో ఆ కోణం కొలవవచ్చు.

ఇంపెరాటి దారి వేరు. దాని సన్నటి కాండం చాలాసార్లు ఇసుక పైన కాకుండా ఇసుక లోపలే పాకుతుంది. బయట కనిపించేవి ఆకులూ పువ్వులూ మాత్రమే. ఎండకు, తుంపరకు కాండం దొరకదు. కానీ పెద్ద ఆకులతో నేలను కప్పి మిగతా మొక్కలను నెట్టేయగల శక్తి దానికి లేదు. బాలబంద తీగ పరుచుకున్న చట్రాల్లో ఇంపెరాటి శాతం ఎంత, అది లేని చట్రాల్లో ఎంత అని విడివిడిగా చూడండి. ఈ రెండూ కలిసి పెరిగే తీరాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి, ఏది ముందు వరసలో ఉంటుందో అన్నిచోట్లా ఒకేలా లేదు. కనుక పుస్తకంలోని వరసను మీ గీత మీదకు తేకండి.

గింజల విషయంలో మాత్రం ఇద్దరూ ఒకటే. నూగుతో కప్పిన గట్టి గింజలు, సముద్రంలో తేలుతూ వెళ్ళగలవు. చెత్త గీతలో వెదికితే గుప్పెట్లో పట్టేన్ని దొరుకుతాయి. అంటే వెనక పల్లంలో ఒకటి లేకపోవడానికి గింజ చేరకపోవడం కారణమా, చేరినా బతకకపోవడం కారణమా అన్నది తేల్చవలసిన ప్రశ్న. దాని సంగతి తర్వాత.

అయిదో అడుగు: మిగతా జంటలు

ఉప్పు నిజంగానే రాజ్యమేలే చోటు చూడాలంటే దిబ్బ దిగి ఉప్పుటేరు గట్టుకు వెళ్ళాలి. కృష్ణపట్నం వైపు కండలేరు పాయలు, ఇస్కపల్లి ఉప్పుమళ్ళ చుట్టుపక్కల బురద నేలలు ఇందుకు తగినవి. అక్కడ సుయేడా ప్రజాతి దాయాదులు ఉంటారు. ఇలకూర, అంటే సుయేడా మారిటిమా, పోటు నీరు తడిపి పోయే బురదలో ఒక్క ఏడాది బతికే చిన్న మొక్క. సుయేడా మోనోయికా నిలువెత్తు పొద. పోటు అరుదుగా చేరే, ఎండాకాలంలో ఉప్పు పొర తేలే ఎత్తు అంచుల్లో ఉంటుంది. రెండింటి ఆకులూ కండపట్టి గుండ్రంగానే ఉంటాయి. లోపల మాత్రం పెద్ద తేడా ఉంది. ఇలకూర మామూలుగా, వరి లాగా సి-3 పద్ధతిలో గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుంటుంది. మోనోయికా మొక్కజొన్న, జొన్న మాదిరి సి-4 పద్ధతిది. అదే పిండి తయారీకి తక్కువ నీళ్ళు ఖర్చు చేస్తుంది. బడిలోని సూక్ష్మదర్శిని కింద మోనోయికా ఆకును అడ్డంగా కోసి చూస్తే, పైపొర కింద పచ్చని కణాల వలయం, మధ్యలో నీరు నిలవ చేసుకునే తేట కణాలు కనిపిస్తాయి. ఉప్పు ఎక్కువ, నీరు తక్కువ ఉన్న అంచులో ఆ పొద ఎందుకు నిలబడగలదో ఆ కోత ముక్క చెబుతుంది. నేల ఉప్పు కొలత ఇక్కడే బాగా అక్కరకొస్తుంది. దిబ్బ మీద వచ్చిన అంకె పక్కన ఈ బురద అంకె పెట్టి చూడండి.

వంగరెడ్డి కూర, గలిజేరు కూడా ఒకే కుటుంబం. రెండింటి కాయలూ మూత ఊడినట్టు తెరుచుకుంటాయి, బంధుత్వానికి అదొక గుర్తు. గంగపావిలికూర కాయ కూడా అలాగే తెరుచుకుంటుంది గాని దాని పువ్వు పసుపు, కుటుంబం వేరు. వంగరెడ్డి కూరలో ఎదురెదురు ఆకులు సమానం, గులాబి పువ్వుకు కాడ ఉంటుంది, కణుపులకు వేర్లు దిగుతాయి, ఏళ్ళ తరబడి బతుకుతుంది. తడి ఇసుక, దిబ్బ అడుగు, ఏటి మొగ దాని చోట్లు. ఉప్పును ఆకు కణాల్లోనే దాచుకుంటుంది, కొరికితే నాలుకకు తెలుస్తుంది. గలిజేరులో జత ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పువ్వు ఆకు కాడ తొడుగులో ఒదిగి ఉంటుంది. వాన పడగానే మొలిచి, గబగబా గింజ కట్టి, ఎండిపోతుంది. వేరుశనగ చేలలో, పెరళ్ళలో దొరికేది ఇదే. జనవరిలో మాత్రమే చూస్తే ఈ జంటలో అసలు తేడా, అంటే బతుకు కాలం, తెలియదు. మే నెల నడక అందుకే.

తుంగల్లో జాగ్రత్తగా చూడవలసింది సైపరస్ అరెనేరియస్. దిబ్బ మీద చిన్న తుంగ మొలకలు ఒకదాని వెనక ఒకటి సూటిగా వరసకట్టి ఉంటే, కింద ఒకే వేరుకాండం పాకుతోందని అర్థం. కొసన పూల గుత్తి గుండ్రంగా ఉంటుంది. దాని దాయాది, పొలాల్లో రైతును ఏడిపించే తుంగకు గడ్డలుంటాయి, దున్నిన నేల కావాలి. కదిలే ఇసుకకు పాకే కాండం, తవ్వే నేలకు విడిపోయే గడ్డ అన్నట్టుగా ఉంటాయి వీటి ఏర్పాట్లు.

జిల్లేడులో మొగ్గ కోలగా, రేకులు వెనక్కి వాలి ఉంటే కెలోట్రోపిస్ జైజాంటియా. మొగ్గ గుండ్రంగా, రేకులు నిటారుగా, కొసల్లో ముదురు ఊదా ఉంటే ప్రొసెరా. తీరంలో మొదటిదే ఎక్కువగా కనిపిస్తుంది, రెండోది పొడి మెట్టల మొక్క. ఈత, చిట్టీత పోలిక కూడా బాగుంటుంది. ఒకటి పల్లంలో నీటి పక్కన నిలువుగా, ఇంకోటి ఇసుక మెట్టల మీద గుబురుగా. వీటికి చట్రం చాలదు. గీతకు అటూ ఇటూ పది మీటర్ల వెడల్పులో ఉన్నవన్నీ లెక్కపెట్టండి.

రావణాసురుడి మీసాల గడ్డికి దాయాది ఈ దిబ్బల మీద దొరకదు. అయినా దాన్ని వదిలేయకండి. అందులో మగ మొక్క, ఆడ మొక్క వేరు వేరు. ఆడ మొక్క ముళ్ళ బంతి ఎండి, తెగి, గాలికి ఒడ్డంతా దొర్లుతుంది. ఆ గడ్డి గుబురుల చాటున ఇసుక ఆగి దిబ్బ పెరుగుతుంది, దాని వెనక నీడలోనే చాలా చిన్న మొక్కలు బతుకుతాయి. చట్రంలో ఆ గడ్డి ఉందా లేదా అన్నది తప్పక రాయండి.

ఆరో అడుగు: కుండీలలో పరీక్ష

గీత మీద కనిపించేది సంబంధం. కారణం తెలియాలంటే పరీక్ష పెట్టాలి. క్లాసెన్, కెక్, హీసీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలో ఒకే మొక్క కొమ్మలను సముద్ర మట్టానికి దగ్గరి చోటు నుంచి ఎత్తైన పర్వతాల దాకా వేర్వేరు ఎత్తుల్లో నాటి, చోటు చేసిన మార్పేదో పుట్టుకతో వచ్చిన తేడా ఏదో విడదీసి 1940లో ప్రకటించారు. మనం దిబ్బ మీద నాటకూడదు కాబట్టి కుండీలతో సరిపెట్టుకుందాం.

చెత్త గీతలో రాలిన గింజలే ఏరుకోండి, తీగ మీద కాయలు కోయవద్దు. పై తొక్క చాలా గట్టిది. ఒక పక్క గరుకు కాగితం మీద రుద్ది లోపలి లేత రంగు చుక్క కనిపించగానే ఆపి, రాత్రంతా నానబెట్టండి. కుండీల్లో కడిగిన ఏటి ఇసుక పోయండి, దిబ్బ ఇసుక తేవద్దు. మొలకలు చేతి బెత్తెడంత అయ్యాక ఒక్కొక్క రకంలో, ఒక్కొక్క పరీక్షకు అయిదు కుండీలకు తగ్గకుండా విడదీయండి. మొదటి పరీక్షలో కొన్నింటిని సగం ఎత్తుదాకా, కొన్నింటిని పూర్తిగా ఇసుకతో పూడ్చండి, కొన్నింటిని ముట్టుకోకండి. రెండో పరీక్షలో లీటరు నీటికి 35 గ్రాముల కల్లుప్పు కలిపి రోజు విడిచి రోజు ఆకుల మీద చిమ్మండి. కుండీలో ఇసుక మీద పడకుండా ప్లాస్టిక్ కాగితం కప్పాలి. పోలికకు ఇంకో అయిదింటి మీద ఉత్త నీళ్ళు. మూడో పరీక్షలో నీళ్ళు పూర్తిగా ఆపి, ఆకు వాలిపోయే రోజు రాయండి. నెల రోజులు వారానికోసారి ఆకుల సంఖ్య, అంచు మాడిన ఆకులు, కొత్త వేర్లు నమోదు చేస్తే చాలు.

ఫలితం చదవడంలో ఒక మెలిక ఉంది. కుండీలో అన్ని పరీక్షలూ తట్టుకున్న మొక్క, దిబ్బ మీద ఒకచోట అసలు కనిపించకపోవచ్చు. అప్పుడు కారణం ఉప్పూ ఇసుకా కావు. పక్క మొక్క నీడో, మేకలు మేసేయడమో, గింజ చేరకపోవడమో అయి ఉంటుంది. గింజ సంగతి తేల్చడానికి గీత పొడవునా పిడికెడు ఇసుక జల్లెడ పట్టి చూడండి. గింజలున్నా మొక్క లేదంటే అక్కడ బతుకే కుదరలేదన్నమాట.

లెక్క తప్పించేవి

సరుగుడు తోట అన్నిటికన్నా పెద్ద చిక్కు. దాని సూదుల్లాంటి రాలుబడి ఇసుకను కప్పేస్తుంది, నీడ పెడుతుంది, దాని వేర్ల బొడిపెల్లోని సూక్ష్మజీవులు నత్రజనిని నేలకు చేరుస్తాయి. నిస్సారమైన ఇసుకకు అలవాటుపడిన మొక్కలకు ఆ చోటు పరాయిదైపోతుంది. తోట అంచు నుంచి 20 మీటర్ల లోపు చట్రాలను విడిగా రాయండి, మిగతా వాటితో కలపవద్దు. సర్కారు తుమ్మ వచ్చిన పాత దిబ్బలూ అంతే. ట్రాక్టర్లు ఇసుక తీసిన గుంటలు పల్లాల్లా కనిపించి మోసం చేస్తాయి. అంచు నిటారుగా ఉంటే అనుమానించండి.

తుపాను ఇంకా పెద్ద మాట. 1989 నవంబరులో గే తుపాను కావలి దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ ఈ ఒడ్డు వెంటే పైకి సాగి బాపట్ల దగ్గర దాటింది. అలాంటి ఒక్క రాత్రిలో ముందు దిబ్బ కోసుకుపోవచ్చు, ఊచలు మాయం కావచ్చు, మీరు సున్నా పెట్టిన చెత్త గీత ఎక్కడికో జరిగిపోవచ్చు. అందుకే గీత వేసిన మొదటి రోజే ఊరివైపు కొసను కదలని గుర్తుతో, అంటే తాడిచెట్టుతోనో గుడి ప్రహరీతోనో, దూరం, దిక్కు కొలిచి కలిపి పెట్టుకోవాలి. మళ్ళీ వచ్చినప్పుడు ఆ కొస నుంచి సముద్రం వైపు టేపు పరచండి. తుపాను తర్వాత వారంలోపు వెళ్ళగలిగితే, బోసి ఇసుక మీదకు మొదట ఏ దాయాది చేరుతుంది, తెగిపోయిన తీగ ముక్కతోనా లేక గింజతోనా అన్నది చట్రం చట్రానికీ రాయండి. తర్వాత మూడు నెలల పాటు నెలకోసారి అవే చట్రాలు చూడండి.